పొడి మట్టి

సువార్తమ్మకు విమానం తప్పింది ప్రార్థన వల్ల. ఆ ప్రార్థన చేసిన పాస్టరు ఫిలిప్ గారికి ఈ సంగతి ఇవాళ్టికీ తెలీదు. ఆమె చెప్పలేదు. చెబితే ఆ తప్పు క్షమించమని ఆయన మళ్ళీ ఇంకో ప్రార్థన మొదలుపెడతారని భయపడిందో ఏమో.

పుణెలో తెలుగువాళ్ళ ఇంట్లో, మంచాన పడ్డ ఓ పెద్దావిడను కనిపెట్టుకుని ఉండే పని ఆమెది. ఒళ్ళు తుడవాలి, పక్క మార్చాలి, జావ తాగించాలి. విజయవాడ ఆసుపత్రుల్లో ఆయాగా చేసి నేర్చుకున్న పనే. భర్త పోయాక, కూతురు క్రిస్టినాను నర్సింగ్ చదివించడం కోసం అంత దూరం వెళ్ళింది. పరాయి తల్లి నోట్లో ముద్ద పెడుతున్నప్పుడల్లా, ఊళ్ళో తన తల్లి దీనమ్మ తిన్నదో లేదో అన్న బెంగ ఆమెను పీక్కుతినేది. పోయిన ఈస్టరుకి చూసిందే చూడటం. మళ్ళీ వెళ్ళడం పడలేదు.

ఆ దీనమ్మ నిద్రలోనే ప్రాణం విడిచింది. తెల్లవారకముందే క్రిస్టినా ఫోన్ చేసి చెప్పింది. పుణె ఇంటివాళ్ళు మంచివాళ్ళు, అప్పటికప్పుడు టికెట్టు తీసి విమానం ఎక్కించారు. బెంగళూరులో దిగి ఇంకోటి ఎక్కితే గన్నవరం. అక్కణ్ణించి పామర్రు దగ్గరున్న వాళ్ళ ఊరికి కారులో గంట పైచిలుకు. మధ్యాహ్నం భోజనాల వేళకి ఇంట్లో ఉండాలి. బయల్దేరేముందు తమ్ముడు పాల్‌కి ఒకటే మాట చెప్పింది. తను మొహం చూసేదాకా పెట్టె మూత వేశారో, ఇక తనకు పుట్టిల్లు లేనట్టేనని.

బెంగళూరులో దిగాక వాళ్ళనీ వీళ్ళనీ అడిగి, ఎక్కాల్సిన గేటు దగ్గరికి ముందే చేరుకుంది. చదువురాని మనిషి కాదు, కంగారుపడే మనిషి అసలే కాదు. అంతా సవ్యంగానే ఉంది. సరిగ్గా అప్పుడే ఫిలిప్ గారు ఫోన్ చేశారు. నాలుగు ఆదరణ మాటలు చెప్పి, "ప్రార్థన చేసుకుందామమ్మా" అన్నారు. ఆమె లేచి నిలబడి, తలమీద కొంగు కప్పుకుని కళ్ళు మూసుకుంది.

ఫిలిప్ గారి ప్రార్థన సంగతి ఆ ఊరివాళ్ళకి తెలుసు. ఆదాము దగ్గర బయల్దేరి, భార్య సమాధి కోసం అబ్రాహాము కొన్న గుహ మీదుగా, లాజరు సమాధి దాకా నడిచి వెళ్తుంది. ఆరోజు దారిలో కొత్త మందిరం స్లాబు పనిని కూడా ప్రభువు చేతికి అప్పగించారు. ఫోన్ పెట్టేయొచ్చన్న ఊహ సువార్తమ్మకు రానేలేదు. అయ్యగారు ప్రార్థనలో ఉండగా కళ్ళు తెరిస్తే చిన్నప్పుడు దీనమ్మ తొడపాశం పెట్టేది. ఆ భయం ఒంట్లో ఉండిపోయింది. ఆ పెద్ద విమానాశ్రయాల్లోనేమో ఎవరూ కేకేసి పిలవరు, ఎవరి బండి వాళ్ళే బోర్డు మీద చూసుకోవాలి. ఆమేన్ అని కళ్ళు తెరిచేసరికి ఎదురుగా కుర్చీలన్నీ ఖాళీ. గేటు మూసేశారు.

అద్దంలోంచి విమానం కనబడుతూనే ఉంది, ఇంకా కదలను కూడా లేదు. బతిమాలింది, దండం పెట్టింది, మా అమ్మ చనిపోయిందని చెప్పింది. గేటు దగ్గరున్న అబ్బాయి సారీ అంటూనే ఉన్నాడు గానీ తలుపు తియ్యలేదు. కాసేపటికి విమానం వెనక్కి జరిగి, తిరిగి, వెళ్ళిపోయింది. సువార్తమ్మ ఏడవలేదు. ఏడిస్తే పని జరగదని ఆమెకు తెలుసు. ఎవరిని పట్టుకుంటే ఇంకో విమానం దొరుకుతుందో వెతుక్కుంటూ వెళ్ళింది.

కౌంటర్లో కూర్చున్న పిల్లకి తెలుగొచ్చు. అంతా విని, కంప్యూటర్లో చాలాసేపు వెతికి చెప్పింది. సాయంత్రం విమానంలో చోటుంది, అది గన్నవరంలో దిగేసరికి చీకటి పడుతుంది. ఈలోగా మధ్యాహ్నం ఒకటుంది గానీ నిండిపోయింది. ఎక్కాల్సినవాళ్ళు ఎవరైనా రాకపోతే ఆ సీటు ఇప్పిస్తాను, ఇక్కడే కనబడేలా కూర్చోండి ఆంటీ అంది. సువార్తమ్మ ఆ పిల్ల కళ్ళెదుట కుర్చీలో కూర్చుని తమ్ముడికి ఫోన్ చేసింది.

విమానం పోయిందనగానే, ఇప్పుడెలా అక్కా అన్నాడు పాల్. అతను ఆటోనగర్‌లో లారీలకు రంగులేసే మనిషి. లారీ వెనక ఎంత పెద్ద అక్షరాలైనా చెయ్యి వణక్కుండా రాస్తాడు, ఇంట్లో ఒక నిర్ణయం తీసుకోవాలంటే మాత్రం ఒళ్ళంతా వణుకుతాడు. అక్క గీసిన గీత దాటడు. నీళ్ళు నములుతూ నములుతూ అసలు సంగతి చెప్పాడు. పై తూము దగ్గర కాలవ నీళ్ళు వదిలే లస్కరు పొద్దున ఊళ్ళోకొచ్చి చెప్పి వెళ్ళాడట, వంతు మారిందని, ఈ పూట వాళ్ళ కాలవకి నీళ్ళు వదులుతున్నారని.

ఆ మాట వినగానే సువార్తమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఎందుకో తెలియాలంటే వాళ్ళ నాన్న భూస్థాపన సంగతి తెలియాలి.

ఆ ఊరి సమాధుల దొడ్డి కాలవ గట్టు కింద, పల్లంలో ఉంటుంది. మెరక నేల పొలాలకి పోయింది, పల్లం చచ్చినవాళ్ళకి మిగిలింది. కాలవలో నీళ్ళు లేనన్నాళ్ళు మట్టి పొడిగానే ఉంటుంది. కాలవ నిండిందా, మూరెడు తవ్వితే ఊట. వాళ్ళ నాన్న ఏసోబు పోయింది కాలవ నిండుగా ఉన్న రోజుల్లో. గోతిలో నీళ్ళు తోడుతుంటే ఊరుతున్నాయి, ఊరుతుంటే తోడుతున్నారు. చివరికి అలాగే దించారు. పెట్టె మునగలేదు, తేలింది. ఇద్దరు వెదురు గడలతో అదిమి పట్టుకుంటే మిగతావాళ్ళు గబగబా బురద ఎత్తిపోశారు. గట్టుమీద నిలబడి దీనమ్మ అదంతా చూసింది.

ఆ తర్వాత ఆమెకు చావంటే భయం లేదు గానీ నీళ్ళంటే భయం పట్టుకుంది. మందిరంలో సాక్ష్యం చెప్పడానికి లేచినప్పుడల్లా, ప్రభువా నన్ను ఎండాకాలంలో తీసుకెళ్ళు అని అడిగేది. చావుకి కూడా అదను చూసుకునే మనిషిని ఈమెనే చూశామని ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు. సువార్తమ్మ నవ్వలేదు. నిన్ను పొడి మట్టిలోనే పెడతామమ్మా అని తల్లి చెయ్యి పట్టుకుని మాటిచ్చింది. ప్రభువేమో ఎండాకాలమంతా ఊరుకుని, నారుమళ్ళ వేళకి పిలిచాడు.

గొయ్యి పొద్దున్నే తవ్వేశాడు పుల్లయ్య. ఆ దొడ్డిలో ఎవరికైనా గొయ్యి తీసేది అతనే. ఏసోబు పక్కనే తీశాడు, అడుగున దుమ్ము లేస్తోందట. కానీ నీళ్ళొచ్చి కాలవ నిండితే తన చేతిలో ఏమీ లేదని, ఇక క్రిస్మస్ ముందు దాకా ఆ దొడ్డిలో పొడి గొయ్యి ఉండదని చెప్పేశాడు. మైలవరం వైపు మెరకలో పెడదామని ఓ చుట్టం సలహా ఇచ్చాడు. భర్త పక్కన తప్ప ఇంకెక్కడా వద్దని దీనమ్మ ఎన్నిసార్లు చెప్పిందో ఊరందరికీ తెలుసు.

ఆగమన్నది సువార్తమ్మ. మధ్యాహ్నం విమానం దొరుకుతుంది, వచ్చేస్తానన్నది. నీళ్ళు అంత తొందరగా ఏం రావని తమ్ముడికి ధైర్యం చెప్పింది. ఆ ధైర్యం ఆమెలో లేదు.

అక్కణ్ణించి ఆమె చూపు కౌంటర్లో పిల్ల మీద, చెవి ఫోన్ మీద. ఆ పిల్ల తలెత్తితే లేచి నిలబడేది, దించితే కూర్చునేది. పక్కన ఎవరో పిల్లలకి ఇడ్లీలు తినిపిస్తున్నారు. పొద్దుట్నుంచీ మంచినీళ్ళు కూడా తాగలేదని అప్పుడు గుర్తొచ్చింది, అయినా లేవలేదు. నీళ్ళ కోసం వెళ్ళినప్పుడే సీటొస్తే?

క్రిస్టినా వీడియో కాల్ చేసింది. "మమ్మీ, అమ్మమ్మని చూస్తావా?" అని ఫోన్ ఐస్ బాక్స్ మీదికి వంచింది. అద్దమంతా ఆవిరి పట్టి ఉంది. క్రిస్టినా చున్నీతో తుడిచింది. తెల్ల గుడ్డ కనబడింది, ముక్కు కనబడింది, మళ్ళీ ఆవిరి కమ్మేసింది. తీసేయమన్నది సువార్తమ్మ. ఫోన్లో చూసింది చూసినట్టు కాదు. ఆ నుదుటి మీద చెయ్యి పెట్టాలి. చెదిరిన జుట్టు తన చేత్తో సర్దాలి. ఇన్నాళ్ళూ ఎవరెవరి తల్లులకో తల దువ్విన చెయ్యి సొంత తల్లికి ఆ ఒక్కసారి దువ్వకపోతే, ఇక ఆ చెయ్యి ఎందుకనిపించింది.

పాల్ మళ్ళీ చేశాడు. కాలవలోకి నీళ్ళొదిలేశారట, పై ఊరు దాటాయట. పెట్టె ఇంటి ముందుకి తెచ్చి ఉంచారు. పెద్దలు ఎత్తేద్దామంటున్నారు, పాస్టరు గారు అక్క మాట కోసం చూద్దామంటున్నారు. పుల్లయ్య మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా గొయ్యి దగ్గరే కూర్చున్నాడు. కాసేపు చూడు అన్నది సువార్తమ్మ. ఆ కాసేపట్లో ఏమవుతుందో ఆమెకూ తెలీదు.

ఫోన్ పెట్టేసి లెక్క వేసుకుంది. సీటు దొరికినా, విమానం దిగి, కారెక్కి, ఉయ్యూరు దాటి ఊరు చేరేసరికి పొద్దు వాలిపోతుంది. నీళ్ళు అంతసేపు ఆగవు. పాల్ ఆగుతాడు. అక్క వస్తోందంటే చాలు, ఊరంతా తిట్టిపోసినా పెట్టె కదలనివ్వడు. అర్ధరాత్రి దాకా అయినా కాళ్ళడ్డం పెట్టి కూర్చుంటాడు. తను పొద్దున అన్న మాట వాణ్ణి అలా కట్టిపడేసింది. ఆ మాట ఎందుకన్నానా అని మొదటిసారి అనిపించింది.

కౌంటర్లో పిల్ల చెయ్యెత్తి ఊపింది. సువార్తమ్మ పరుగున వెళ్ళింది. ఎవరో రాలేదట, ఒక్క సీటు ఖాళీ అయింది. ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది. టకటకా నొక్కి, బోర్డింగ్ పాస్ తీసి చేతికిచ్చి, గేటు చూపించి, పరిగెత్తండి ఆంటీ అంది. సువార్తమ్మ ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుంది. మొహం చూడొచ్చు. ముట్టుకోవచ్చు.

నాలుగడుగులు వేసిందో లేదో ఫోన్ మోగింది. పాల్.

"అక్కా, నీళ్ళు మన ఊరి వంతెన దగ్గరికొచ్చేశాయి. పుల్లయ్య ఇప్పుడైతే ఇప్పుడు, లేకపోతే లేదంటున్నాడు. నీకు సీటొచ్చిందా? వస్తే చెప్పు, నేనాపుతాను. ఎవడడ్డమొచ్చినా ఆపుతాను."

సువార్తమ్మ చేతిలో కాగితం వంక చూసింది. అందులో తన పేరు ఇంగ్లీషులో స్పష్టంగా ఉంది.

"గోతిలో అడుగు పొడిగా ఉందా?" అని అడిగింది.

"ఇప్పటికి పొడిగానే ఉందక్కా. సీటొచ్చిందా?"

"రాలేదురా" అన్నది. "సాయంత్రం దానికి తప్ప రాలేను. నాకోసం చూడొద్దు. మూతేసి ఎత్తండి."

అవతల పాల్ పసిపిల్లాడిలా ఏడుస్తున్నాడు. నువ్వు చూడకుండా ఎలా అక్కా అంటున్నాడు. "నే చెబుతున్నాగా, ఎత్తండి" అని ఆమె ఫోన్ పెట్టేసింది. పొద్దుట్నుంచీ బిగబట్టుకున్న ఏడుపు అక్కడే, ఆ కౌంటర్ ముందే, కట్ట తెంచుకుంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు.

ఆ పిల్ల కౌంటర్ దాటి బయటికొచ్చి భుజం పట్టుకుంది.

"సీటు దొరికిందిగా ఆంటీ" అంది, "ఇంకా ఎందుకు ఏడుస్తున్నారు?"