మూడు గళ్ల పేరు

నాచారంలో ఈరమ్మ అంటే తెలియనివాళ్లు తక్కువ. ఇరీనా అంటే తెలిసినవాళ్లు ఇంకా తక్కువ. ఇద్దరూ ఒకరే. తండ్రి ఆగయ్య పెట్టిన పేరు ఇరీనా. బస్తీ ఆ పేరును కొన్నాళ్లు నోట్లో నానబెట్టింది. మింగుడుపడలేదు. చివరికి ఈరమ్మను చేసి ఊరుకుంది. రేషన్ షాపులో ఈరమ్మ, కూరగాయల బండి దగ్గర ఈరమ్మ, కాపురానికి వెళ్లిన ఇంట్లోనూ ఈరమ్మే. "నా పేరు ఇరీనా" అని చెప్పీ చెప్పీ ఆమె నోరు నొప్పి పుట్టిందే తప్ప ఒక్కరూ మారలేదు.

మనిషి ఒక్కచోట కుదురుగా కూర్చునే రకం కాదు. టీ కూడా గడపలో నిలబడే తాగుతుంది. బస్సులో సీటు దొరికినా దిగాల్సిన స్టాపు ఇంకా ఎంతో దూరం ఉండగానే లేచి తలుపు దగ్గరికి పోతుంది. భర్త పోయాక ఒక్కగానొక్క కూతురు దీపను పెంచడానికి మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి చేరింది. అది రోజంతా నిలబడి చేసే పని. కూర్చుని చేసేదైతే వారం కూడా ఉండేది కాదు.

కానీ ఇరీనా అన్న పేరంటే ఆమెకు ప్రాణం. చిన్నప్పుడు ఎవరైనా వెక్కిరిస్తే ఏడుస్తూ తండ్రి దగ్గరికి పోయేది. ఆగయ్య ఆమె తల నిమిరి, "నీ పేరు ఉత్తగ రాలే బిడ్డా. మస్తు కష్టపడితే వచ్చింది" అనేవాడు. అంతకు మించి ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. తండ్రి దారం మిల్లులో యూనియన్ మనిషి. ఎర్రజెండా పట్టినవాడు రష్యా పేరు పెట్టాడంటే అది ఎవరో మహా గొప్ప ఆవిడ పేరే అయి ఉంటుందని తనకు తానే అనుకుంది. అనుకుని ఊరుకుంటే బాగుండేది. బడిలో అడిగినవాళ్లకు డాక్టరమ్మ పేరని చెప్పింది. కంపెనీలో విమానం నడిపిన ఆవిడ పేరంది. దీపకు మాత్రం యుద్ధంలో దెబ్బలు తగిలినవాళ్లను వీపున మోసుకొచ్చిన నర్సు కథ చెప్పి నిద్రపుచ్చేది. చెప్పగా చెప్పగా తానే నమ్మింది. తండ్రి పోయాడు, తల్లీ పోయింది. ఆ నర్సు మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా బలంగా తయారైంది.

ఇప్పుడు దీపకు ఆడపిల్ల పుట్టింది. ఈరమ్మది ఒక్క గది ఇల్లు కాబట్టి పురుడు పోసుకుని ఉప్పల్‌లోని అత్తగారింటికే వెళ్లింది దీప. తొట్టెల కూడా అక్కడే. పిల్లను తొట్టెలో వేసి పేరు పెట్టే రోజు దగ్గర పడుతుండగా, "పాపకు మా అమ్మ పేరు పెడత" అని దీప తేల్చి చెప్పింది. అల్లుడు రంజిత్ సరేనన్నాడు. అడ్డం పడింది అతని తల్లి వెంకటనర్సమ్మ.

వెంకటనర్సమ్మ వాళ్లు ఉప్పల్‌కు పాతకాపులు. ఒకప్పుడు మూసీ ఒడ్డున భగాయత్ మడుల్లో కూరగాయలు పండించినవాళ్లు. మడులు పోయి ప్లాట్లు వచ్చినా ఇంటి పద్ధతులు మాత్రం మడుల కాలానివే. వాళ్లింట్లో పిల్లకు పేరు పెట్టేటప్పుడు అందరి ముందూ ఒక ప్రశ్న అడుగుతారు. ఈ పేరు ఎవరిది అని. ఫలానా ముత్తవ్వదనో, ఫలానా దేవుడిదనో పెద్దవాళ్లు జవాబు చెప్పాలి. ఆ తర్వాతే మేనత్త పిల్ల చెవిలో పేరు చెబుతుంది. జవాబు లేని పేరు పెట్టరు.

"నువ్వు తప్పుగ అనుకోకు వదినె" అంది వెంకటనర్సమ్మ వియ్యపురాలితో. "పేరు మంచిగనే ఉన్నది. గని ఆమె ఎవలు, ఎట్ల బతికింది, ఏం జేసింది? దీప నర్సంటది. మావోడు విమానమని ఎవలో చెప్తె ఇన్నడట. తొట్టెల నాడు నలుగుట్ల నువ్వు ఒక్క మాట జెప్పు. చెప్పకుంటే మా బిడ్డ శిరీష, హిమజ అని పెడదామనుకుంటున్నది, గదే పెడతం."

ఈరమ్మ తల ఊపి బయటపడింది. తన పేరు ఎవరిదో నలుగురిలో చెప్పాలి. ఒకసారి డాక్టరు, ఒకసారి విమానం, ఒకసారి నర్సు. మరి అసలు ఎవరు?

ఆ సంగతే నమిలీ నమిలీ మర్నాడు కంపెనీకి వెళ్లింది. మధ్యాహ్నం క్యాంటీన్‌లో తనతో పాటు ప్యాకింగ్ చేసే స్వర్ణలత ఎప్పటిలాగే టిఫిన్ డబ్బాల కింద ఆదివారం పేపరు పరిచింది. ఆమెకు ఒక చేత్తో అన్నం కలుపుతూ ఇంకో చేత్తో గళ్ల నుడికట్టు నింపడం అలవాటు. పప్పు మరక పడ్డ గళ్లలోనూ అక్షరాలు ఇరికిస్తుంది.

"అక్కా, నువ్వొచ్చినవ్!" అని అరిచింది. "రష్యాలో ఇంటింటా వినిపించే ఆడపేరు, మూడక్షరాలు. గిది నువ్వే గదా!"

"ఇంటింటనా?" అంది ఈరమ్మ, ముద్ద చేతిలోనే పట్టుకుని.

"అవ్ మరి. మనకాడ ఈరమ్మలు ఎంతమందో, ఆడ ఇరీనాలు గంతమంది అన్నట్టు. ఇది మస్తుసార్లు వస్తదక్కా. పైవరసల ఏ మాట కుదరకపోతే నిన్ను తెచ్చి కూసబెడతరు."

స్వర్ణలత మనసులో ఏమీ లేదు, నవ్వులాటకే అంది. కానీ ఈరమ్మ ఆ ముద్దను మళ్లీ డబ్బాలోనే పెట్టేసింది. నోరు నొప్పి పుట్టేలా కాపాడుకున్న పేరు రష్యాలో ఇంటింటా ఉందట. అక్కడ కుళాయి దగ్గర బిందె కోసం కొట్లాడుకునేవాళ్లలోనూ ఇరీనాలు ఉంటారు కాబోలు. పైగా గళ్లకు ఏదీ దొరకనప్పుడు తెచ్చి కూర్చోబెట్టే పేరట! చేయి కడుక్కుని మిషన్ దగ్గరికి పోయింది. అట్టపెట్టెలకు లేబుళ్లు తలకిందులుగా అంటించి సూపర్‌వైజర్ చేత మాటలు పడింది. ఆ రోజంతా కాలుకాలిన పిల్లిలా తిరిగింది.

పని దిగగానే ఇంటికి పోకుండా ఆటో ఎక్కి మౌలాలి పోయింది. గుట్ట కింద, రైలు పట్టాల వైపు సందులో బుచ్చిరాములు ఉంటాడు. తండ్రితో పాటు మిల్లులో పనిచేసిన మనిషి, తండ్రి పోయిన నాడు పాడె మోసినవాడు. ఇప్పుడు చూపు ఆనదు, మాట మాత్రం గట్టిగానే ఉంది.

"కూసో బిడ్డా" అన్నాడు.

"కూసోను కాకా. ఒక్క మాట జెప్పు. మా నాయన నాకు పెట్టిన పేరు ఎవరిది? ఆ రష్యామె ఎవలు?"

"ఏ రష్యామె?"

"ఇరీనా!"

బుచ్చిరాములు కాసేపు ఆలోచించి, ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "రష్యామె లేదు, గిష్యామె లేదు. మీ నాయనకు రష్యా ఏం ఎరుక? జెండ అయితే పట్టిండు గని, రష్యా ఘట్‌కేసర్ కంటె దూరమా అని నన్నే అడిగిండు ఒకపారి."

ఈరమ్మకు నవ్వు రాలేదు. "మరి పేరు యాడికెళ్లి వచ్చింది?"

"పేపర్ల గళ్లు ఉంటయ్ జూడు, అండ్లకెళ్లి వచ్చింది."

ఆమె గోడకు ఆనుకుంది. ముసలాయన తన ధోరణిలో తాను చెప్పుకుపోయాడు.

"మీ నాయనకు పెండ్లయ్యేనాటికి అక్షరం ముక్క రాదు. జీతం కాడ ఏలిముద్రనే. యూనియన్ ఆఫీసుల రాత్రిబడి పెడితే నేనే గుంజుకపోయిన. గేటు ముంగల ఛాయ్ హోటల్‌కు పేపర్ వచ్చేది. మేమందరం కూడి గళ్లు నింపేటోళ్లం, మీ నాయన పక్కకు కూసోని సూసుడే. మీ అమ్మకు నెలలు పడ్డంక పంతం వట్టిండు. బిడ్డ పుట్టేలోపల ఒక్కపారన్న నా అంతట నేను మొత్తం నింపాలె, సదువు రాని తండ్రికి పుట్టొద్దు నా బిడ్డ, అన్నడు. ఎవలన్న జవాబు అందిస్తె కొట్టనీకి ఉరికేటోడు. ఎన్నిపార్లు జేసినా ఏదో ఒక మూల మిగిలేది.

"నువ్వు పుట్టేనాడు దవాఖాన వరండల ఉన్నం. మీ అమ్మ లోపల. మీ నాయన పేపర్ పట్టుకొని ఇటుకెళ్లి అటు, అటుకెళ్లి ఇటు. కాళ్లు ఆగుతలేవు, అచ్చం నీ లెక్కనే. అంత నింపిండు, పైన మూల మిగిలింది. అడ్డం రష్యా ఆడోళ్ల పేరు. ఆయన జన్మల ఎరుగడు. అప్పుడు బెంచీ మీద కూసోని నిలువు గళ్లు వట్టిండు. గోడ కట్టేది అంటే ఇటుక. పట్నం వచ్చి మొదాలు మోసింది అవే గదా. దారం చుట్టేది అంటే రీలు. మిల్లుల దినాం పట్టుకునేది. దుక్కి దున్నేది అంటే నాగలి. జనగామ దిక్కు ఊర్ల ఇడిసిపెట్టి వచ్చింది. మూడు నింపినంక పైవరస మీద ఏలు పెట్టి సదివిండు. ఇ... రీ... నా. ఒక్కపారి బెంచీ మీదికెళ్లి లేసి, బుచ్చిరాములూ, నేను ఎన్నడు ఇనని మాట నేనే సదివిన్నే, అని మొత్తుకున్నడు. నర్సు బయటికొచ్చి, సప్పుడు జెయ్యకు, నీకు ఆడపిల్ల, అన్నది. గంతే. గా పేరే పెట్టిండు."

"ఆ పేపర్ ఉన్నదా కాకా?"

"ఏడుంటది? తెల్లారి హోటలోడు పల్లీల పొట్లం కట్టిండు."

ఆటో ఎక్కాలనిపించలేదు. మౌలాలి నుంచి నాచారం దాకా నడిచింది. ముందు తండ్రి మీద ఒళ్లు మండిపోయింది. ఒక్కనాడైనా ఈ మాట చెప్పి ఉంటే ఊరందరికీ నర్సు కథలు చెప్పుకునేదా? ఆ తర్వాత తన మీద తనకే సిగ్గేసింది. ఇన్నేళ్లలో ఒక్కసారి, "నాయనా, ఏం కష్టపడినవ్?" అని అడిగితే ఆయన ఎంత సంబరంగా చెప్పేవాడో. అడగలేదు. తనకు కావలసింది గొప్ప ఆవిడ. ఏలిముద్రల ఆగయ్య కాదు. రైల్వే గేటు దగ్గర నిలబడి, గూడ్సు బండి పోయేదాకా ఏడ్చింది.

తొట్టెల నాడు ఉప్పల్ ఇంట్లో చుట్టాలు కిక్కిరిశారు. ఈరమ్మ వంటల దగ్గర ఒకసారి, వాకిట్లో ఒకసారి, మెట్ల మీద ఒకసారి కనిపించింది. నర్సు కథ నాలుక చివర సిద్ధంగా ఉంది. అది చెబితే ఎవరూ కాదనరు. పేరు నిలబడుతుంది, దీప కోరిక తీరుతుంది, తన మాటా దక్కుతుంది. నిజం చెబితేనో, పేపర్ల గళ్లలో దొరికిన పేరా అని నవ్వి హిమజను పెడతారు. అక్కడితో ఇరీనా అన్న మాట ఈ ఇంట్లో మళ్లీ వినబడదు.

పిల్లను తొట్టెలో వేశారు. వెంకటనర్సమ్మ కొంగు సర్దుకుని అడిగింది. "చెప్పు వదినె. గీ పేరు ఎవరిది?"

దీప తల్లి వైపు చూసి చిన్నగా నవ్వింది. నర్సు కథ వినడానికే నవ్వింది. ఆ నవ్వు చూసేసరికి ఈరమ్మకు అబద్ధం నోట రాలేదు.

"ఎవ్వలిది కాదు వదినె. రష్యాల ఇంటికొక్కతి ఉంటదట. నేను చెప్పిన నర్సు లేదు, విమానం లేదు. అన్ని నేను కల్పించినయే" అంది. దీప ముఖంలో నవ్వు ఆగిపోయింది. ఈరమ్మ ఆగకుండా చెప్పేసింది. ఏలిముద్ర సంగతి, రాత్రిబడి సంగతి, దవాఖాన వరండా సంగతి. "ఇటుక మోసిండు, రీలు పట్టిండు, నాగలి ఇడిసిపెట్టి వచ్చిండు. గా మూడింటితోటి మా నాయన తన అంతట తాను సదివిన కొత్త మాట ఇది. మీకు మంచిగ అనిపియ్యకపోతే హిమజ అనే పెట్టుండ్రి."

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. వెంకటనర్సమ్మ అటు తిరిగి కళ్లెర్రజేసింది.

"మరి గిన్నొద్దులు ఆ రష్యామెను నెత్తిన పెట్టుకొని ఎందుకు తిరిగినవ్ వదినె?" అంది. "ఎవ్వలిది కాదంటవేంది? ఇది మీ నాయనది. ముత్తాత సంపాయించిన పేరు పెట్టుకుంటే మా ఇంట్ల ఎవలు కాదంటరు? శిరీషా, వంగి చెవుల చెప్పు."

రంజిత్ చెల్లెలు శిరీష వంగింది. నోరు తెరిచి ఆగిపోయింది. "ఏందమ్మా అది? మళ్లోపారి చెప్పు అత్తమ్మా, నాకు నోరు తిరుగుతలేదు."

"నీతోని కాదు గని, ఇటు జరుగు" అని వెంకటనర్సమ్మ వియ్యపురాలి రెక్క పట్టుకుని తొట్టె పక్కన కూర్చోబెట్టింది. "నువ్వే చెప్పు వదినె. మీ నాయన ఎట్ల సదివిండో గట్లనే చెప్పు."

ఇరీనా కూర్చుంది. పిల్ల పాదం అరచేతిలోకి తీసుకుని, ఒక్కో వేలు మీద తన వేలు పెట్టి, చెవిలో చెప్పింది. ఇ... రీ... నా. పుట్టిన దగ్గర్నుంచి ఊరి చేత పిలిపించుకోలేకపోయిన పేరుతో ఆమె ఇంకొకరిని పిలవడం అదే మొదటిసారి. కళ్లు తుడుచుకునేలోపే పిల్ల పాదం చేతిలో నిలవలేదు. గుంజుకుని టపటపా తన్నడం మొదలుపెట్టింది.

"అగ్గో, సూడుండ్రి" అంది వెంకటనర్సమ్మ. "దీనికి గూడ కాళ్లు ఆగుతలేవు."