సడలని గుండె

తొంభైల చివర్లో, ఎన్నికలు దగ్గర పడుతుండగా, నన్ను పులివెందుల నుంచి జమ్మలమడుగుకు ఫిజీషియన్‌గా బదిలీ చేశారు. కాగితాల మీద నా హోదా సివిల్ అసిస్టెంట్ సర్జన్. కత్తి పట్టే పని మాత్రం నాది కాదు. ఆ రోజుల్లో దాన్ని ఊళ్లవాళ్లే చూసుకునేవారు.

ఒకరోజు ఓబులేసు అనే యువరైతు తలనొప్పని వచ్చాడు. వెంట తల్లి నాగమ్మ, ఐదో నెల గర్భంతో ఉన్న భార్య రమణమ్మ, నలుగురు అనుచరులు. తండ్రి పార్టీ గొడవల్లో చనిపోయాక వర్గాన్ని ఇతనే నడుపుతున్నాడు. కూర్చోబెట్టి, కాసేపు ఆగి, మళ్లీ మళ్లీ చూసినా బీపీ దిగలేదు. సన్నటి మనిషి, బీడీ అయినా ముట్టడు. మూత్రపిండాలు బాగున్నాయి. ప్రొద్దుటూరులో ఎకో, అంటే గుండె స్కానింగు, తీయించాను. ఎడమ గది గోడ మందమెక్కింది. గుండె బాగానే ముడుచుకుంటోంది. సడలడమే సరిగా లేదు.

రిపోర్టుతో అందరూ తిరిగొచ్చినప్పుడు ఆ మాటే చెప్పి మాత్రలు రాశాను. "మా అన్నకు బయమనేది తెల్దు సార్. గుండెకేమొస్తాది?" అన్నాడు ఒక అనుచరుడు. గోడ మందంగా ఉండటం వాళ్లకు మంచి వార్తలాగే వినిపించింది.

నాగమ్మ ఒప్పుకోలేదు. "వానికి తెల్దేమో. నా కడుపులో ఉన్నెప్పుడు వాడు పడిన బయం నాకు తెలుసు. బాంబు పేలితే లోపల ఎగిరిపడి, ఇంక శానాసేపు కదిలేటోడు కాదు. చచ్చినాడేమోనని కడుపు మీద చెయ్యేసుకోని కూచునేదాన్ని. పెద్దోడు కడుపులో ఉన్నెప్పుడు గొడవల్లేవు. వానికి ఏ రోగమూ లేదు."

తల్లి నెలల తరబడి భయంలో ఉంటే ఒంట్లో ఊరే రసాయనాలు బిడ్డకూ చేరతాయని, పెరిగే గుండె, రక్తనాళాలు వాటికి తగ్గట్టే తయారవచ్చని, ఫలితం ఎన్నో ఏళ్లకు బయటపడవచ్చని చెప్పాను. ఇతని విషయంలో అదే కారణమని ఖాయంగా చెప్పలేనని కూడా అన్నాను. నాగమ్మ ఆ రెండో మాట వినలేదు. కోడలి కడుపు వైపే చూస్తోంది. వాళ్ల ఊళ్లో అప్పటికే బాంబులు మొదలయ్యాయి.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. రమణమ్మ పుట్టిల్లు దువ్వూరు. అన్నలు ఎదుటి పార్టీలోకి పోయినప్పటి నుంచి రాకపోకలు లేవు. ఆమెను అక్కడికి పంపితే ఓబులేసు రాజీకొచ్చినట్టే లెక్క.

"ఈ పొద్దే దువ్వూరు తోల్కపోతా," అంది నాగమ్మ.

"పంపితే మన పరువేం కావల్ల మా?" అన్నాడు ఓబులేసు.

"మీ నాయన పరువు నువ్వు మోస్తాండావు గదా, మాత్రలేసుకోని. నీ బిడ్డకు వొద్దు."

అత్తాకోడళ్లు అటునుంచటే, దువ్వూరు పోవడానికి, ప్రొద్దుటూరు బస్సెక్కారు. నాకు చాలా సంతోషమేసింది. పైకి మాత్రం మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో చెప్పి అతన్ని పంపించాను.

ఆ తర్వాత ఏ గర్భిణి వచ్చినా, బీపీ చూశాక, ఇంట్లో భయపడే పరిస్థితి ఉందా అని అడగడం అలవాటు చేసుకున్నాను. చాలామంది జవాబుకు ముందు పక్కనున్న మగవాళ్ల వైపు చూసేవారు. వాళ్లను బయటికి పంపి అడగాలని నేర్చుకున్నాను.