బాబ్జీ కారు, కాలవ నీళ్లు

గుంటూరు నుంచి వలసొచ్చినవాళ్లం ఉండే మా క్యాంపులో బాబ్జీ బాడుగ కారు నాలుగు లక్షల కిలోమీటర్లకు దగ్గరపడింది. అంత తిరిగిన బండిని ఇంకొకడైతే పాత సామాన్లవాడికి తోసేసేవాడు. వీడు రోజూ పొద్దున్నే బానెట్ ఎత్తి, ఆయిలు పుల్ల తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూస్తాడు. బెల్టు వేలితో నొక్కుతాడు. బ్రేకు ఆయిలు, టైర్లలో గాలి, ఫిల్టర్లో దుమ్ము అన్నీ అయ్యాక వెనక సీటు ఎడంపక్క చెయ్యి వేసి కాసేపు నిలబడతాడు. అక్కడ ఎవర్నీ కూచోనివ్వడు.

"కారుకి సర్వీసింగా ఇది, సంధ్యావందనమా?" అని ఎకసెక్కం ఆడాను ఓసారి. నవ్వలేదు.

ఆ సీట్లోనే చెన్నవ్వ పోయింది.

చెన్నవ్వది పక్కనున్న మల్లట్ ఊరు. ముప్పై ఏళ్లు మా పొలంలో నాట్లేసింది. కిందటి శ్రావణంలో మిట్టమధ్యాహ్నం గుండె పట్టుకుని గట్టుమీద కూలబడింది. బాబ్జీ కార్లో వేసుకుని రాయచూరు బయల్దేరాం. సగం దారిలో బానెట్ సందుల్లోంచి ఆవిరి తన్నుకొచ్చింది. ఇంజను కుతకుతా ఉడికి ఆగిపోయింది. ఇంకో బండి దొరికేలోగా చెన్నవ్వ చల్లబడిపోయింది. తల నా ఒళ్లోనే ఉంది.

మాన్విలో మెకానిక్కు పరశురామ్ రేడియేటర్ విప్పాడు. సన్న గొట్టాలన్నీ రేగడి మట్టితో పూడిపోయి ఉన్నాయి.

"దీంట్ల కూలెంటు పోయాలె గదా. కాలువ నీళ్లు ఎవరు పోసిండ్రు?" అన్నాడు.

"నేనే," అన్నాడు బాబ్జీ.

నేను పక్కనే ఉన్నాను. నోరు మెదపలేదు.

బాబ్జీ ఉండే సందులోకి కారు పట్టదు. మా వాకిట్లోనే పెడతాడు. రేడియేటర్లో నీళ్లు తగ్గినప్పుడల్లా "కూలెంటు తెస్తా పిన్నీ" అనేవాడు. "రంగునీళ్ల డబ్బా కొంటావా, నీకేం రోగంరా! గుంటూరు వదిలొచ్చి ఈ కాలవ నీళ్లతోనే బతికాం. నీ డొక్కుబండికి పనికిరావా?" అని నోరు మూయించేదాన్ని. చెన్నవ్వ చేతికి బిందె ఇచ్చేదాన్ని. రెండేళ్లు అదే పోసింది. పోస్తూ పోస్తూ "సాకా అమ్మా?" అనేది. కన్నడంలో, ఇక చాలా అని అడగడం.

పొయ్యమన్న నోరు నాది. పోసిన చెయ్యి దానిది.

ఇప్పుడు మధ్యాహ్నం పూట వాకిట్లో కూచుంటే ఆ "సాకా" నాకు వినబడుతుంది. ఇంజను ఆపి గంటైనా బానెట్ కింద ఏదో ఉడుకుతున్నట్టే ఉంటుంది. ఓ రోజు బాబ్జీ తనే అన్నాడు: "నడుపుతుంటే వెనకనుంచి ఆకువక్క వాసనొస్తుంది పిన్నీ. అద్దంలో చూస్తే సీటు ఖాళీ."

చెన్నవ్వ కొడుకు హనుమంత, "మా అమ్మను చంపినోడు వీడే" అని మాన్వి బస్టాండులో నలుగురి ముందు అన్నాడట. ఆ మాట పాకింది. ఆసుపత్రికి పోవాలంటే ఎవరూ వీడి కారు పిలవరు. మొన్న బండి అమ్మేస్తానన్నాడు.

"ఇంజను గట్టిగ ఉంది, ఇంకో లక్ష తిరుగుతది అన్నాడుగా పరశురామ్!" అన్నాను.

"బెల్టు మార్చాను, ఆయిలు మార్చాను, రేడియేటరే కొత్తది వేశాను. ఆ మాట ఎట్టా మార్చను పిన్నీ?"

నన్ను ఒక్క ముక్క అనలేదు. అని ఉంటే తిరిగి నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని.

"మల్లట్ పోనియ్," అని వెనక తలుపు తీసి ఎడంపక్కే కూచున్నాను.

"అక్కడొద్దు పిన్నీ."

"నోర్మూసుకుని నడుపు."

దారి పొడుగునా నా ఒడి బరువుగానే ఉంది. కిందికి చూడలేదు.

హనుమంత గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు. "ఏందమ్మా, వీణ్ణి ఎంటబెట్టుకొని వచ్చినవ్?"

"వీడి తప్పు లేదు. వీడు కూలెంటు తెస్తానంటే, కాలవ నీళ్లు చాలన్నది నేను."

వాడు నన్ను తేరిపార చూశాడు. "చెప్పింది నువ్వు. మరి పోసిందెవరు?"

బాబ్జీ చటుక్కున నావైపు తిరిగాడు. పోసింది చెన్నవ్వేనని వాడికీ తెలుసు.

"నేనే," అన్నాను. "ఈ చేత్తోనే పోశాను."

ఒకడి ముందు తల దించింది లేదు నేను, ఒకడి మొహం మీద అబద్ధమాడిందీ లేదు. ఆ పూట రెండూ చేశాను.

"ఇన్ని దినాలు ఎందుకు చెప్పకపోతివి?" అన్నాడు హనుమంత.

వాడు గుమ్మంలోంచి పక్కకు జరిగాడు.

"లోపలికి రా, బాబ్జీ."

నన్ను రమ్మనలేదు. బాబ్జీ చెప్పులు విప్పబోయి ఆగాడు.

"పిలిచాడుగా, పోరా," అని నేను ఎండలోనే నిలబడ్డాను.