పాట లేని నెంబరు

నా చిన్నప్పుడు మా ఊరి చర్చిలో హార్మోనియం పెట్టెకు ఒక నెంబరు తాళం ఉండేది. దానికి తాళంచెవి లేదు. మూడు చిన్న ఇత్తడి చక్రాలు, ఒక్కోదాని మీద సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు. మూడూ సరిగ్గా కుదిరితేనే కొక్కెం ఊడేది. బదిలీ మీద వెళ్లిపోతూ ఒక పాస్టరుగారు ఇచ్చిపోయారట. నెంబరు సంఘపెద్ద ఒక్కడికే తెలుసు. ప్రతి ఆదివారం ఆయన మాకు వీపు చూపించి కూర్చుని ఆ చక్రాలు తిప్పేవాడు. పిల్లలమంతా మెడలు సాచేవాళ్లం, ఏమీ కనబడేది కాదు.

ఒకరోజు ఆ పెద్దాయన చేనులో వేరుశనగ పీకుతూ పీకుతూ అలాగే ఒరిగిపోయాడు. నెంబరు ఆయనతోనే పోయింది. మరునాడు సమాధి చేసే వేళకు హార్మోనియం కావాలి. జీవితమంతా పాటల్లో బతికిన మనిషిని వట్టి గొంతులతో సాగనంపడానికి ఎవరికీ మనసొప్పలేదు. మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు చక్రాలు తిప్పి తిప్పి విసుగెత్తి, చివరికి గడ్డపార తెచ్చారు.

మా నాయన తల్లిని మేము జేజి అనేవాళ్లం. ఆమె పెట్టెకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఏమప్పా, ఆ గడ్డపార కింద పెట్టు. ముప్పై ఏండ్లు ఆయప్ప ఏ పాట అడుగుతాండెనో మీకెవురికీ గ్యాపకం లేదా?"

జేజికి అక్షరాలు రావు. కాని చర్చి గోడకు వేలాడే పలక మీద ఆ వారం పాటల నెంబర్లు చూసి చూసి అంకెలు పట్టుబడ్డాయి. ఆ పెద్దాయన అడిగే పాట రెండు వందల పద్నాలుగు. రెండు, ఒకటి, నాలుగు. కొక్కెం ఊడింది.

"ఏం పెద్దమ్మా, ఈ దొంగవిద్య ఎప్పుడు నేర్చుకుంటివి?" అన్నాడు గడ్డపార పట్టుకున్నాయన. చావు దగ్గర కూడా నలుగురు నవ్వారు. జేజి నవ్వలేదు.

సమాధి నుంచి తిరిగి వచ్చాక అందరూ వెళ్లిపోయారు. జేజి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ తాళం నెంబరు మార్చింది. ఎలా మార్చాలో ఆ తాళం ఇచ్చిపోయిన పాస్టరుగారి భార్య చేస్తుండగా చూసిందట. "నోట్లో ఆడే నెంబరు తాళానికి పెట్టకూడదురా. నాకు దొరికింది దొంగకు దొరకదా?" అంటూ ఏడు, సున్నా, మూడు దగ్గర ఆపింది. మా పాటల పుస్తకంలో ఏడు వందల పాటలు లేవు. ఆ నెంబరుకు పాట లేదు. తర్వాత నా చేత దాన్ని మూడుసార్లు చెప్పించి, "ఇంగ ఇది ఇద్దరికి తెలుసు" అని లేచింది. నాకు బెల్లంముక్క పెట్టినంత సంతోషమైంది. అంతకుమించి అందులో ఏముందో నేను ఆలోచించలేదు.

బడి ఏడో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాత నా చదువంతా కోడుమూరు లైబ్రరీలోనే. తల నెరిశాక, కంప్యూటర్ల గురించి తెలుగులో వచ్చిన పుస్తకాలు కూడా వదల్లేదు. పాస్‌వర్డుగా పుట్టినరోజు పెట్టకూడదని, ఇష్టమైన పేర్లు పెట్టకూడదని వాటిలో చదివినప్పుడు, అక్షరం రాని మా జేజి ఈ మాట ఎప్పుడో చెప్పిందని పొంగిపోయాను. కనబడిన వాళ్లందరికీ ఆ తాళం కథ చెప్పేవాణ్ణి.

మా ఇంటామె ఫోను కొనుక్కున్నప్పుడు ఆమెకూ చెప్పాను. కలుపు తీసి తీసి ఆమె వేళ్ల గీతలు అరిగిపోయాయి, వేలిముద్ర పడేది కాదు. ఆరంకెల నెంబరే పెట్టుకోవాలి. పుట్టినరోజు వద్దు, పెళ్లిరోజు వద్దు, పాటల నెంబర్లు అసలే వద్దు అని పుస్తకం చదివినట్టు చెప్పుకుపోతుంటే ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"తాళం ఏసేదానికి గూడా లైబ్రరీకి పోవల్లనా? సరేలే అయ్యా, నువ్వు గూడా కనుక్కోలేని నెంబరు పెడతా. సాలునా?"

చాలునన్నాను. మెచ్చుకున్నాను కూడా.

ఆదివారం పాడబోయే పాటను ఆమె ముందురోజే వంటింట్లో కూర్చుని ఫోనులో పాడి పెట్టుకునేది. మళ్లీ తానే విని, తప్పులు దిద్దుకునేది. పోయిన ఎండాకాలం ఒక పొద్దున టీ దించి, గ్లాసుల్లో పోయకుండానే ఆమె పోయింది. మాకు పిల్లల్లేరు. ఆమె గొంతు ఆ ఫోనులో తప్ప ఇంకెక్కడా లేదు.

మొదట ఏడు, సున్నా, మూడును రెండుసార్లు పక్కపక్కన పెట్టి ఆరంకెలు చేసి కొట్టాను. కాదు. నాకు తెలిసిన నెంబరు ఎందుకు పెడుతుంది? తర్వాత ఆమెకు ఇష్టమైన పాటల నెంబర్లు రెండేసి కలిపి కొట్టాను. అవి కావని తెలుసు, పెట్టొద్దన్నది నేనే. తప్పు కొట్టిన కొద్దీ ఫోను ఇంకాసేపు ఆగమంటుంది. చర్చి తాళం మూడు చక్రాలకు వెయ్యి నెంబర్లు. ఆరంకెలకు పది లక్షలు. ఈ లెక్క కూడా లైబ్రరీ నేర్పిందే.

కర్నూలులో ఫోన్లు బాగుచేసే షాపుకు తీసుకెళ్లాను. అతను అటూ ఇటూ తిప్పి చూసి, "తాతా, తెరవల్లంటే అంతా చెరిపెయ్యాల. ఫోను కొత్తదాని మాదిరి వస్తాది. లోపలుండేది మాత్రం రాదు" అన్నాడు. వాపసు తెచ్చుకున్నాను.

నా ఫోను తెరిచే నెంబరు కాగితం మీద రాసి బియ్యం డబ్బా మూతకు లోపల అంటించాను. ఆ మూత తీసేది నేనొక్కణ్ణే.

జేజి ఆరోజు చేసినవి రెండు పనులు. ఎవరికీ దొరకని నెంబరు పెట్టింది, వెంటనే దాన్ని ఇంకొకరికి చెప్పింది. అప్పుడే మట్టిలో పెట్టి వచ్చిన మనిషి వల్ల ఆమెకు ఆ రెండో పని ఎంత అవసరమో తెలిసింది. నేను మొదటిదే పట్టుకుని, అదే పాఠమని డెబ్బై ఏళ్లు తిరిగాను.

ఆమె ఫోనుకు రోజూ ఛార్జింగ్ పెడుతున్నాను. చర్చి పెట్టె చెదలుపట్టి ఎప్పుడో పోయింది, ఆ తాళం ఏమైందో ఎవరికీ తెలియదు. దాని నెంబరు మాత్రం ఇప్పుడు నిద్ర లేపి అడిగినా చెబుతాను. ఏడు, సున్నా, మూడు.