మూడు వీధుల అవతలి గది

ఆ రోజు మా తమ్ముడు నాగరాజు జాకెట్టు గుడ్డను వంకరగా కత్తిరించాడు. హిందూపురం బజారులో మా బట్టల కొట్టును ముప్పై ఏళ్ళుగా నడుపుతున్నది వాడే. కత్తెర పట్టిన చేయి వణికింది. కొనడానికి వచ్చినామె గుడ్డ అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. నేను పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాను. చిన్నప్పటి నుంచి డైరీ రాయడం అలవాటు. ఆనాటి పేజీలో ‘నాగరాజుకు నీరసం’ అని రాశాను. పొద్దున్నే తాగి వచ్చాడని నాకు తెలుసు.

నెల తర్వాత వాడి కళ్ళు పచ్చబడ్డాయి, కాళ్ళు ఉబ్బాయి. లివర్ పనితీరు చూసే ఎల్‌ఎఫ్‌టీ, అల్ట్రాసౌండ్ చేయించాం. డాక్టరమ్మ రిపోర్టులు చూసి, "లివర్ గట్టిపడింది, సిర్రోసిస్. ఇంక ఒక్క చుక్క కూడా వద్దు. అట్లని ఇంట్లో ఉన్నట్టుండి మాన్పించొద్దు, విత్‌డ్రాయల్‌లో ఫిట్స్ రావచ్చు," అని అడ్మిట్ చేసుకుంది. డిశ్చార్జి రోజు ఇంకో మాట చెప్పింది. "మందులతో వణుకు తగ్గుతుంది, తాగాలనే ఆశ తగ్గదు. తాగుడు మానినవాళ్ళు కలిసి కూర్చునే మీటింగు మీ వీధికి దగ్గర్లోనే, బడి గదిలో జరుగుతుంది. వారానికి రెండుసార్లు. పంపించండి."

దగ్గర్లో అన్నందుకే నేను భయపడ్డాను. కొట్టు పేరు పోతుందనుకున్నాను. నాలుగు చోట్ల విచారించి, ధర్మవరంలో ఆదివారం మీటింగు ఉందని కనుక్కున్నాను. బట్టల కొట్టువాడు పట్టుచీరలు చూడడానికి ధర్మవరం పోతున్నాడంటే ఎవరు అనుమానిస్తారు? ప్రతి ఆదివారం పొద్దున నేనే టికెట్టు కొని రైలెక్కించేవాణ్ణి. ఇద్దరమూ పోతే జనం అడుగుతారని స్టేషన్ నుంచే వెనక్కి వచ్చేవాణ్ణి. ఎవరైనా తిరగేస్తారేమోనని డైరీలో కూడా ‘నాగరాజు చీరలకు ధర్మవరం వెళ్ళాడు’ అనే రాశాను.

అట్లా పదకొండు ఆదివారాలు రాశాను. పదకొండో ఆదివారం మధ్యాహ్నం, ధర్మవరం దారిలోనే ఉన్న పెనుకొండ నుంచి ఫోన్ వచ్చింది. స్టేషన్ బయట నాగరాజు రక్తం కక్కుకుని పడిపోయాడు. అంబులెన్సులో పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. ఎండోస్కోపీ చేసి, అన్నవాహికలో పగిలిన రక్తనాళాలకు రబ్బరు బ్యాండ్లు వేసి బతికించారు.

మాట వచ్చాక అడిగాను. "పెనుకొండలో ఎందుకు దిగినావురా?"

"ధర్మవరానికి మూడు నాలుగు వారాలు పోయింటా అన్నా, అంతే. తక్కినవన్నీ పెనుకొండలో దిగి తాగతాంటి."

"నాకు చెప్పొచ్చు కదరా?"

"ఏం చెప్పల్ల? ఊర్లో అందరికీ చీరలకు పోతాండానని చెప్పమంటివి. ఆడ పదిమందిలో లేచి తాగుబోతునని చెప్పమంటివి. ఒక నోటితో రెండూ ఎట్లా చెప్పేది?"



కోలుకున్నాక, మూడు వీధుల అవతల ఉన్న ఆ బడి గదికి వాణ్ణి నడిపించుకుపోయాను. గుమ్మంలో ఎదురైన పెద్దమనిషి మా బజారువాడే. మీటింగుకు వచ్చేవాళ్ళ పేరు బయట చెప్పడం మర్యాద కాదు. నన్ను చూసి నవ్వాడు. "ఏమప్పా, మూడు వీధులు దాటేదానికి ఇన్ని నెలలు పట్టెనా? ఈయప్ప తాగతాడని బజారంతా తెలుసు. నువ్వొక్కడివే దాచిపెట్టుకోనుంటివి." తర్వాత తమ్ముడి భుజం మీద చేయి వేశాడు. "రా నాగరాజూ, కుర్చీ ఖాళీగానే ఉండాది."

ఏడాదిన్నరయింది. నాగరాజు తాగలేదు. మీటింగుకు పోలేని రోజున అక్కడివాళ్ళు ఎవరో ఒకరు ఇంటికే వస్తారు. కానీ కడుపులో నీరు చేరుతూనే ఉంది. ఉప్పులేని తిండి, మధ్యాహ్నం దాకే కొట్టు. కత్తెర ఇప్పుడు వాడి భార్య చేతిలో ఉంది. మొదటే ఈ బడి గదికి పంపి ఉంటే లివర్ ఎంత మిగిలేదని డాక్టరమ్మను అడిగాను. "అది ఇప్పుడు ఎవరూ చెప్పలేరు," అంది.

ఈమధ్య ఆ పదకొండు పేజీలు తీసి, కింద నిజం రాయాలని కూర్చున్నాను. ఏ ఆదివారం ధర్మవరం దాకా పోయాడో, ఏ ఆదివారం మధ్యలో దిగిపోయాడో నాగరాజుకే గుర్తు లేదు. పెన్ను మూసేశాను.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే, డాక్టరును అడిగి, నడిచి పోగలిగినంత దగ్గర్లో ఉన్న మీటింగుకే పంపండి. మొదటి రోజు గుమ్మం దాకా మీరూ పోండి. దారిలో ఎవరైనా ఎక్కడికని అడిగితే, నిజమే చెప్పండి.