పేరు రాయని సీసాలు

మొన్న నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సులో నా పక్క సీటు పెద్దాయన ఉక్కకు తట్టుకోలేక పంచె కాస్త పైకి లాక్కున్నాడు. చీలమండ పైన వంకరటింకర పాత మచ్చ. నారికురుపా అని అడిగితే ఆశ్చర్యంగా చూసి, ఈ కాలంవాళ్లకు ఆ పేరే తెలీదే అన్నాడు. నిజమే. తాగే నీళ్లతో కడుపులోకి పోయి, ఏడాదిపాటు ఒంట్లో పెరిగి, ఎండాకాలంలో కాలి మీద బొబ్బ కట్టి తెల్లటి నూలుపోగులా బయటికొచ్చే ఆ పురుగు ఇప్పుడు మన దేశంలో లేదు. అది ఉన్న రోజుల్లో, డెబ్భైల చివర, నేను నంద్యాలలో బీయస్సీ చదువుతున్నాను.

ఊళ్లో ఒక ఆసుపత్రిలో పనిచేసే డాక్టరమ్మ మా కాలేజీకి వచ్చి, ఆదివారాలు తనతో పల్లెలకు వచ్చి బావినీళ్లు పరీక్షించే పిల్లలు కావాలంది. మార్కులు లేవు, జీతం లేదు, మధ్యాహ్నం పులిహోర మాత్రం ఉంటుందని కూడా చెప్పింది. చేతులెత్తింది ఇద్దరమే. నేనూ, మా క్లాసులోనే చదివే రుద్రవరం వైపు భూములున్న ఇంటి అబ్బాయి ఒకడూ. మా నాయన పాణ్యంలో బడిపంతులు. ఆడపిల్ల ఆదివారం ప్రార్థన మానేసి బావుల వెంట తిరగడమేమిటని ముఖం ముడుచుకున్నాడు. డాక్టరమ్మ ఇంటికొచ్చి మాట్లాడాక సరేనన్నాడు. ఏం చెప్పిందో నాకిప్పటికీ తెలీదు. బస్సులో మైక్రోస్కోపును టవల్లో చుట్టి నేనే ఒళ్లో పెట్టుకునేదాన్ని. చంటిబిడ్డ నిద్రపోతోందనుకుని కండక్టరు గొంతు తగ్గించి టికెట్టు అడిగేవాడు. ఆమె పాఠాలు చెప్పేది కాదు. పని అప్పజెప్పి పక్కన కూచునేది. మేము తొందరపడి ఏదైనా తేల్చేస్తే మాత్రం, "కనబడింది చెప్పు. అనుకునింది తర్వాత చెప్దువు" అనేది.

ఆళ్లగడ్డ అవతల ఒక పల్లెలో ఆ ఎండాకాలం దాదాపు ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు నారికురుపుతో మంచం పట్టారు. ఊరివాళ్లు తాగేది మెట్లబావి నీళ్లు. ఊరి చివర పేటవాళ్లది చేదబావి. జబ్బు పేటవాళ్లే తెచ్చారని ఎవరో అన్నారు, ఊరంతా నమ్మింది. ఊరి పెద్ద వాళ్లను పనుల్లోకి పిలవొద్దన్నాడు. రెండు వైపులా కట్టెలు చేతికొచ్చాయి. ఆ పేటలోనే మా చిన్నమ్మ కాపురం.

పురుగు దిగుతున్న కాలు నీళ్లలో పెడితే అది పిల్లల్ని వదులుతుంది. వాటిని సైక్లాప్స్ అనే నలుసంత నీటిపురుగు మింగుతుంది. ఆ నీళ్లు తాగినవాళ్లకు మళ్లీ జబ్బు. నేను రెండు బావుల నీళ్లూ చూశాను. మెట్లబావి సైక్లాప్స్ కడుపులో పిల్లపురుగులు చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. పేట బావిలో అలాంటిది ఒక్కటీ లేదు. పరుగున వెళ్లి చెప్పాను. డాక్టరమ్మ సంతోషపడలేదు.

"మీ చిన్నమ్మ తాగేది ఆ పేట నీళ్లే గదా?"

అవునన్నాను.

"అయితే నువ్వు కోరుకునిందే నీకు కనబడింది. అబద్ధమని అనడంల్యా. ఇంకొకరు చూడాల."

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. నన్ను దొంగను చేసినట్టనిపించింది. తర్వాతి ఆదివారం ఆమే స్వయంగా రెండు బావుల నీళ్లూ సీసాలకు పట్టి, తనకు మాత్రమే తెలిసే గుర్తులు పెట్టి, మా క్లాసు అబ్బాయి ముందుంచింది. వాడు పొద్దు వాలేదాకా చూశాడు. నేను చూసిందే వాడూ చూశాడు. అయినా ఇంటికొచ్చేదాకా నేను ఆమెతో మాట్లాడలేదు.

ఊరి చావడిలో అందరూ కూడినరోజు డాక్టరమ్మే మాట్లాడుతుందని ధైర్యంగా ఉన్నాను. ఆసుపత్రి జీపు దిగుతూ, నీళ్లు చూసింది మీరు, చెప్పాల్సిందీ మీరే అంది. ఒకవైపు ఊరు, దూరంగా పేట, మధ్యలో నేను. ఎలాగో చెప్పాను. ఊరి పెద్ద నేల చూపులతో అంతా విని తలెత్తాడు.

"మీవాళ్లు ఎవురన్నా ఉండారా పాపా ఈడ?"

"మా చిన్నమ్మ ఉంది. పేటలో."

ఎవరో నవ్వారు. "ఇంగేం. వాళ్ల బావి మంచిదనక ఏమంటావ్" అన్నాడాయన. గుంపు ముందుకు జరిగింది. నేను డాక్టరమ్మ వైపు చూశాను. ఆమె ఒళ్లోని సంచీని గట్టిగా పట్టుకుని నన్నే చూస్తోంది. లేవలేదు. అప్పుడు మా క్లాసు అబ్బాయి లేచాడు.

"నేనూ చూసినానప్పా. యా సీసా యాడిదో నాకు చెప్పల్యా. పేరు రాయకుండా ఇచ్చినారు. పురుగుండేది మెట్లబావి నీళ్లలోనని, చూసినాంకనే తెలిసింది."

ఎవరి కొడుకువని అడిగాడు ఊరి పెద్ద. వాడు తండ్రి పేరు చెప్పాడు. తెలిసిన ఇల్లే. "మా తాతలనాటి బావి అది" అన్నాడాయన చివరికి, కోపంగా కాదు, ఎవరో పోయారని విన్నట్టు. అరుగు మీద కాలికి గుడ్డ చుట్టుకుని కూచున్న ఆయన తల్లి మాత్రం నన్నే అడిగింది.

"బావి సంగతి ఉండనీ. రేపు పొద్దున నేను యా నీళ్లు తాగాల, అది చెప్పు పాపా."

మందపాటి గుడ్డలో వడగట్టుకోమన్నాను, కురుపున్నవాళ్లెవరూ బావిలో దిగొద్దన్నాను. ఆమె శ్రద్ధగా తల ఊపింది. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. తిరిగి జీపెక్కాక చూశాను, డాక్టరమ్మ ఒళ్లోని సంచీని ఇంకా అలాగే గట్టిగా పట్టుకుని ఉంది.

కథ ఆరోజుతో తేలలేదు. పేటవాళ్లను మళ్లీ పనికి పిలవడానికి వారాలు పట్టింది. ఊరి పెద్ద మెట్లకు అడ్డంగా గోడ కట్టించి గిలక పెట్టించాడు, మాతో ఒక్క మాటా అనకుండా. కానీ అంతకుముందే ఆ నీళ్లు తాగినవాళ్లలో కొందరికి మరుసటి ఎండాకాలం కురుపు లేచింది. ఊళ్లో గొణుగుడు మళ్లీ మొదలైంది. ఇలా జరుగుతుందని డాక్టరమ్మ ముందే చెప్పి ఉంచింది కాబట్టి ఆగారు. ఆ ఏడాదంతా నేను సరిగా నిద్రపోలేదు. ఆపై ఎండాకాలానికి ఆ ఊళ్లో ఎవరి కాలికీ బొబ్బ రాలేదు. ఆ కబురు నాకు మెడికల్ కాలేజీ హాస్టల్లో అందింది.

డాక్టరునయ్యాక నేనూ చాలామంది కాలేజీ పిల్లల చేత ఇలాంటి పనులు చేయించాను. వాళ్లు తడబడే చోట నోరు మూసుకుని కూచోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఆరోజు చావడిలో ఆమెకు నలభై నిండి ఉంటాయేమో. మా కళ్లకు మాత్రం అన్నీ చూసేసిన పెద్దావిడ. ఈ మధ్య లెక్కవేసుకుంటే, నా కూతురికి ఇప్పుడు ఆ వయసే.