సముద్రంలో వరి వెతికిన యంత్రాలు

నిన్న తెనాలి బజారులో ఒక కొట్టు ముందు వట్టివేళ్ళ తడికలు తడిపి వేలాడదీశారు. ఆ వాసనకు ఆగిపోయాను. వేసవి గుర్తుకు రావలసిన వాసన అది. నాకు మాత్రం ఒక కంప్యూటర్ల గది, దాన్ని నడిపిన కామేశ్వరి మేడం గుర్తుకు వచ్చారు. ఆమె పోయి ఏడాది కావస్తోంది.

మేడం బాపట్లలో ఫిజిక్స్ లెక్చరరుగా పనిచేసి రిటైరయ్యారు. తెనాలిలో కోటేశ్వరరావు గారనే ఆయన, మూతపడిన తన బియ్యం మిల్లు గోడౌన్‌లో చిన్న డేటా సెంటర్ పెట్టి, చూసుకొమ్మని ఆమెను పిలిచారు. చుట్టుపక్కల చిన్న ఆసుపత్రుల స్కాన్లన్నీ మా సర్వర్లలో ఉండేవి. ఉపగ్రహం తీసిన చిత్రాలను బట్టి డెల్టాలో వరి పైరు ఎలా ఉందో అంచనా వేసే ఒక బాపట్ల బృందం కూడా తన లెక్కలు మా దగ్గరే చేయించుకునేది. నేను వేమూరు నుంచి రోజూ బస్సులో వచ్చే కొత్త ఇంజనీర్ని. నేను చేరిన కొద్ది రోజులకే కోటేశ్వరరావు గారు వచ్చి కుర్చీలో కూర్చోకుండానే విషయం చెప్పేశారు. "అక్కయ్యగారూ, కరెంటంతా ఏసీలే తాగేస్తన్నాయి. పైన సోలార్ పలకలు పెట్టినా సుఖం లేదు. జనరేటర్ పొగకి పక్కోళ్ళు రోజూ గొడవ. ఈ వేసవి చూస్తాను. కుదరకపోతే మిషన్లన్నీ హైదరాబాద్ పంపించేద్దాం." మిషన్లు వెళితే మా ఉద్యోగాలూ వెళతాయని అందరికీ తెలుసు. మేడం మాత్రం "తప్పకుండా పంపిద్దురుగానండి. ఎందుకు కుదరట్లేదో నన్ను చూడనివ్వండి ముందు" అన్నారు. ఆమె గొంతులో బెదురు లేదు. మంచి లెక్క దొరికినవాళ్ళ ఉత్సాహం ఉంది.

ఆమె మొదట చేసింది పొరపాటు. బయటి గాలి లోపలికి వచ్చే చోట వట్టివేళ్ళ తడికలు కట్టించి, వాటి మీద నీళ్ళు పారేలా ఏర్పాటు చేశారు. గది అంతా పరిమళం. వేడి మాత్రం తగ్గినట్టే లేదు. గాలిలో తేమ పెరిగిపోయి, సర్వర్లకు ప్రమాదమని నేను కంగారు పడ్డాను. మా ఎలక్ట్రీషియన్ సాంబ తలుపు దగ్గర నిలబడి, "పెళ్ళివారి విడిదిలా ఉంది మేడం, పన్నీరు ఒక్కటే తక్కువ" అన్నాడు. మేడం నవ్వి తడికలు విప్పించేశారు. "పొడిగాలి వీచే ఊళ్ళో అయితే ఇది పనిచేసేది. మనకి ఇటు కాలవలు, అటు సముద్రం. ఇక్కడ గాలికి దాహమే లేదు, ఇంకేం తాగుతుంది? ఉద్యోగమంతా ఆవిరి పాఠం చెప్పి, నేనుండే ఊరు మర్చిపోయాను చూడు సుధా." తప్పు తేలినందుకు ఆమెకు చిన్నతనం అనిపించలేదు. అది ఎందుకు తప్పో తెలిసినందుకు సంతోషంగా కనిపించారు.

తర్వాత ఆమె చల్లదనం మీద పడ్డారు. అప్పట్లో నేను స్వెట్టర్ వేసుకుని పనిచేసేదాన్ని. ఎంత చల్లగా ఉంటే యంత్రాలకు అంత మంచిదని అందరి నమ్మకం. వచ్చినవాళ్ళు "అబ్బ, ఊటీలా ఉంది" అంటే మాకు అదొక గొప్ప. ఆమె ఒక దారం పోగు చేత్తో పట్టుకుని సర్వర్ల చుట్టూ నెమ్మదిగా తిరిగారు. పోగు ఎటు ఊగుతుందో నన్ను చూడమన్నారు. వెనక నుంచి వెలువడే వేడిగాలి పైకి లేచి, ముందువైపుకి దిగి, మళ్ళీ అవే యంత్రాల్లోకి వెళ్తోంది. "నీకు చలేస్తోందంటే అక్కర్లేని చోట చల్లబెడుతున్నామన్న మాట. మిషన్ ముందు చల్లగా ఉంటే చాలు. గదంతా ఎందుకు?" అన్నారు. రేకులు, ప్లాస్టిక్ తెరలు అడ్డం పెట్టి వేడిగాలిని ఒకవైపే బయటికి పంపాం. ఏసీ ఉష్ణోగ్రతను కొంచెం కొంచెంగా పెంచుతూ, పెంచిన ప్రతిసారీ ఆగి చూశాం. యంత్రాలకు ఏమీ కాలేదు. స్వెట్టర్ ఇంట్లో వదిలేశాను.

అయినా సాయంత్రం కరెంటు కోత వచ్చేసరికి బ్యాటరీలు అయిపోయి జనరేటర్ మోగుతూనే ఉండేది. ఒక ఆదివారం మేడం నన్ను రేపల్లె వైపు తీసుకెళ్ళారు. కాలవ చిట్టచివర వాళ్ళ నాన్నగారి పొలం ఉండేది. చెరుకుపల్లి దాటాక బస్సు దిగి కాలవ గట్టు మీద నడిచాం. "పై ఊళ్ళకి ఒక వంతు, కింద ఊళ్ళకి ఒక వంతు. మా చిన్నప్పుడు మా వంతు వచ్చేదాకా అందరం ఈ గట్టు మీదే. నీళ్ళు తక్కువైనప్పుడు ముందు నారుమళ్ళకి వదిలేవారు. నాటిన చేను కాస్త ఆగుతుంది, నారు ఆగదు. మన దగ్గర నారేంటి, చేనేంటి?" అని అడిగారు. తరగతిలో నిలబెట్టినట్టు అనిపించింది. ఆసుపత్రి స్కాన్లు నారు, బాపట్ల లెక్కలు చేను అన్నాను. "మరి రెండిటికీ ఒకేసారి నీళ్ళెందుకు వదులుతున్నాం?" మర్నాటి నుంచి ఆగగలిగిన పనులన్నీ ఎండ బాగా కాసే వేళకి మార్చాం. పక్క మిల్లు నుంచి పలకల మీద పడే ఊక దుమ్మును సాంబ పొద్దున్నే కడిగేవాడు. ఎండ దిగితే బ్యాటరీలు స్కాన్లకే. ఆ పద్ధతిని మేము 'వంతు' అనే పిలిచాం.

వేసవి చివర్లో ఒక మధ్యాహ్నం ఈదురుగాలి లేచి కరెంటు పోయింది. మబ్బు కమ్మి ఎండా పోయింది. సాంబ ఎంత ప్రయత్నించినా జనరేటర్ అందుకోలేదు, బ్యాటరీలు తరిగిపోతున్నాయి. రేపల్లె ఆసుపత్రిలో ఒక పేషెంటుకు ఆపరేషన్ చేయబోతున్న డాక్టరు ఆమె పాత స్కాన్ కోసం ఎదురుచూస్తున్నారు. అదే సమయంలో బాపట్ల నుంచి ప్రవీణ్ ఫోన్. ఆ లెక్కల బాధ్యత అతనిదే. "మేడం, కాస్తే మిగిలిందండి. ఇప్పుడు ఆపితే మొత్తం మొదటికొస్తదండి." మేడం ఆపమని నాకు సైగ చేశారు. "రేపు నేనే వస్తాను నాయనా, అప్పుడు తిట్టుకో" అన్నారు. స్కాన్ తెరుచుకుంది. ప్రవీణ్ పొద్దున్నుంచి చేసిన లెక్క పోయింది.

మర్నాడు ఇద్దరం రైలెక్కి బాపట్ల వెళ్ళాం. ప్రవీణ్ ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. ఆమె క్షమించమని అడిగి, "నీ ప్రోగ్రాం చిత్రాన్ని ఎలా చూస్తుందో కొంచెం చూపించవా?" అన్నారు. అతను తెర మీద చూపించాడు. చతురస్రంగా కత్తిరించిన చిత్రం. అందులో ఒకపక్కంతా నీలం. ఆమె ముందుకు వంగారు. "ఇదేంటి నాయనా?"

"సముద్రం అండి."

"ఇక్కడ కూడా లెక్కలు కడుతుందా?"

ప్రవీణ్ ప్రోగ్రాం తెరిచి ఒకసారి చూసుకున్నాడు. తర్వాత చిన్నగా "కడుతుందండి" అన్నాడు.

"రోజూ సముద్రంలో వరి వెతుకుతున్నామా?" ఆమె నవ్వు చూసి అతనికీ నవ్వొచ్చింది. సాయంత్రం దాకా ముగ్గురం కూర్చుని సముద్రాన్ని, ఊళ్ళను, రొయ్యల చెరువులను లెక్కలోంచి తీసేశాం. మధ్యలో ఆపినా చేసినంత వరకు దాచుకునేలా మార్చాం. సాయంత్రం దాకా పట్టే పని ఆ తర్వాత భోజనాల వేళకే అయిపోయేది. జనరేటర్‌ ఉంది, ఉండాలి కూడా. కానీ అది మోగిన రోజులు అరుదయ్యాయి. వర్షాలు మొదలయ్యాక కోటేశ్వరరావు గారు వచ్చి, చెవి ఒగ్గి విని, "ఏంటి అక్కయ్యగారూ, ఇంత నిశ్శబ్దం? మూసేశారా ఏంటి?" అన్నారు. మిషన్లు హైదరాబాద్ వెళ్ళలేదు.

ఆమె జబ్బు పడ్డాక రేపల్లెలో వాళ్ళ తమ్ముడి ఇంట్లో ఉన్నారు. చివరిసారి చూసినప్పుడు బాగా నీరసించి ఉన్నారు. కోటేశ్వరరావు గారు గది బాధ్యత నాకు అప్పగించారని చెప్పాను. సంతోషించారు, మెచ్చుకోలు మాటలేమీ అనలేదు. "ఇప్పుడు ఏం లెక్కపెడుతున్నాయి అవి?" అని అడిగారు. చెప్పాను. "ఎవరికి కావాలి? ఎప్పటికి కావాలి?" అన్నారు. రెండో ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది. మొదటిదానికి సగమే ఉంది. కనుక్కుని చెబుతానన్నాను. ఆ అవకాశం రాలేదు.

ఇప్పుడు మా దగ్గర పనులు పెరిగాయి. ఏ కొత్త పని వచ్చినా ఆ రెండు ప్రశ్నలూ అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. ఈమధ్య పాత పనులను కూడా అడగడం మొదలుపెట్టాను. ఒక సంస్థ కోసం రోజూ తయారయ్యే నివేదిక ఒకటి కనిపించింది. ఎవరు చదువుతున్నారని వాళ్ళను అడిగితే, అది వస్తోందనే ఎవరికీ తెలియదు. వాళ్ళకు చెప్పే ఆపేశాం. ఎవరైనా మళ్ళీ కావాలంటారేమోనని చూస్తున్నాను. ఇంతవరకు ఎవరూ అడగలేదు. అలాంటివి ఇంకేమున్నాయో చూడాలని రేపు పొద్దున్నే సాంబను కూడా రమ్మన్నాను.